పెట్రోలు గొలుసు రంపం: సరిహద్దు జిల్లాల పాఠకుల సందేహాలు

అక్టోబరు దగ్గరపడుతున్నకొద్దీ ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లోని తెలుగు పాఠకుల నుంచి చెట్లు కోసే పెట్రోలు రంపం గురించి ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఈ ప్రాంతం మీద విరుచుకుపడింది అక్టోబరు నెలలోనే కాబట్టి, గాలివాన రాకముందే యంత్రాన్ని సిద్ధం చేసుకోవాలనుకోవడం సబబే. అయితే ఉత్తరాల్లో ముప్పాతిక భాగం ఇంజను గురించే ఉన్నాయి. ఇంజను చెడితే పని ఆగుతుంది. మనిషికి గాయం చేసేది మాత్రం గొలుసు. అందుచేత ఇంజను ప్రశ్నకు ముందు సమాధానం చెప్పి, ఆ తర్వాత ఎక్కువ చోటు గొలుసుకే ఇస్తున్నాం. ఏ పొడవాటి ఇనుప పట్టీ చుట్టూ గొలుసు తిరుగుతుందో దాన్ని అందరూ వాడే మాటతోనే ‘బారు’ అని రాస్తున్నాం.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక రైతు): వానాకాలమంతా మూలన పెట్టిన రంపాన్ని బయటికి తీస్తే, తాడు ఎంత లాగినా ఇంజను అందుకోవడం లేదు. అందుకున్న రోజున విపరీతంగా పొగ వస్తోంది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోలులో కలిపే ఆయిల్) చాలని దుకాణదారు అంటున్నాడు, 40 పోయాలని మెకానిక్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఆయిల్ ఏదన్న దాన్నిబట్టి ఇద్దరి మాటా నిజం కావచ్చు. గొలుసు రంపాల కోసం తయారైన మేలు రకం టూటీ ఆయిల్ అయితే సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఇతర టూ స్ట్రోక్ ఆయిళ్లు వాడేటప్పుడు 25 పాళ్లకు ఒకటి, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు కలపమని చాలా కంపెనీలు చెబుతాయి. మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఏ నిష్పత్తి ఉంటే అదే చివరి మాట. ఆయిల్ ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సరులో మసి పేరుకుంటుంది. అది కడిగి బాగుచేసుకోదగిన నష్టమే. ఆయిల్ తక్కువైనా, అసలు కలపకుండా ఉత్త పెట్రోలు పోసినా కొద్ది నిమిషాల్లోనే పిస్టన్ సిలిండరులో పట్టేస్తుంది, దాని బాగుకు అయ్యే ఖర్చు కొత్త యంత్రం వెలలో పెద్ద వాటానే ఉంటుంది. కంటి అంచనాతో సీసా మూతలు లెక్కపెట్టి పోయడం మాని, మందుల దుకాణంలో దొరికే కొలత సిరంజి ఒకటి కొనుక్కోండి. ముందు కొద్ది పెట్రోలులో ఆయిల్ పోసి బాగా కుదిపి, తర్వాత మిగిలిన పెట్రోలు కలపాలి. ట్యాంకులో నింపే ప్రతిసారీ డబ్బాను మళ్లీ కుదపాలి.

మీ రంపం అందుకోకపోవడానికి అసలు కారణం నిలవ పెట్రోలు అని మా అనుమానం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. నాలుగు నెలల వాన తేమలో మూత వదులుగా ఉన్న డబ్బాలోనో, సగం నిండిన ట్యాంకులోనో నిలవ ఉంటే, నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోవచ్చు. ట్యాంకు అడుగున ఉండే ఫిల్టరు ఆ నీటినే ముందుగా లాగుతుంది. పైగా పాత యంత్రాల్లోని రబ్బరు గొట్టాలకు, కార్బురేటరులోని పలుచని పొరకు ఇథనాల్ పడదు. మీ యంత్రం ఎంత శాతం ఇథనాల్‌ను తట్టుకుంటుందో పుస్తకంలో చూడండి. కార్బురేటరును చేత్తో సర్దుకునే రకాలు చాలావాటికి పది శాతమే హద్దు. ఏ రకమైనా సరే, నెల రోజుల్లో వాడేటంత మాత్రమే కలుపుకోవడం, పని లేని కాలంలో ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలింది అయిపోయి ఇంజను దానంతటదే ఆగిపోయేదాకా నడిపి పెట్టడం మంచిది.

ఇప్పటికి పాత పెట్రోలు పారబోసి, కొత్తది కలిపి పోయండి. ప్లగ్గు విప్పి చూసి, తడిగా ఉంటే తుడిచి, స్విచ్ ఆపి ఉంచి, చోక్ తీసేసి నాలుగైదుసార్లు తాడు లాగితే లోపల నిండిన పెట్రోలు బయటికి పోతుంది. ప్లగ్గు కొనల మధ్య ఎడం చాలా యంత్రాల్లో 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు పొట్టుతో పూడుకుపోయినా పొగ వస్తుంది కాబట్టి దాన్నీ దులపండి. తాడు లాగేటప్పుడు రంపాన్ని గాల్లో వేలాడదీసి ఒక చేత్తో కిందికి విసురుతూ, మరో చేత్తో తాడు లాగే పద్ధతి ఒకటి చాలాచోట్ల కనిపిస్తుంది. అది చూడటానికి నేర్పుగా ఉంటుంది గాని, ఇంజను అందుకున్న క్షణంలో తిరిగే గొలుసు ఎడమ తొడ పక్కనే ఉంటుంది. చైన్ బ్రేకు వేసి, రంపాన్ని నేలమీద పెట్టి, కుడి కాలి ముందు భాగాన్ని వెనుక పిడిలోకి దూర్చి తొక్కిపట్టి, ఎడమ చేత్తో ముందు పిడిని అదిమి, కుడి చేత్తో తాడు లాగండి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకుడు): మా తమ్ముడు జీడి కొమ్మలు కోస్తుంటే రంపం ఒక్కసారిగా మొహం మీదికి లేచింది. భుజం పక్కనుంచి పోయింది కాబట్టి బతికాడు. మిషను కొత్తది, చైన్ బ్రేకు కూడా ఉంది. అయినా ఇలా ఎందుకు జరిగింది?

సమాధానం: బారు కొనను గడియారం ముఖంలా నాలుగు భాగాలు చేస్తే, పై భాగంలోని ముందరి పావు వంతు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గొలుసు బారు పైభాగం మీదుగా కొన వైపు పరుగెత్తి, అక్కడ వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఆ వంపు దగ్గర పంటి ముందుండే చిన్న ముక్క కొయ్యకు తగిలి పన్ను ఇరుక్కుంటే, గొలుసులోని వేగమంతా వెనక్కి మళ్లి బారును పైకీ, పట్టుకున్నవాడి వైపుకూ విసురుతుంది. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పోతుంది. ఈ విసురు మనిషి చూసి తప్పుకొనే లోపే అయిపోతుంది కాబట్టి, అది వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు, రాకుండా చేయడమే మిగిలింది.

జీడి కొమ్మల్లో ఇది ఎక్కువ కావడానికి కారణం ఆ చెట్టు తీరే. కొమ్మలు నేలబారుగా, ఒకదాని మీద ఒకటి అల్లుకుని ఉండటంవల్ల, మనం ముందున్న కొమ్మను కోస్తుంటే వెనుక ఆకుల్లో దాగిన మరో కొమ్మకు బారు కొన తగులుతుంది. కోయబోయే కొమ్మ వెనుక ఏముందో ముందుగా కత్తితో రెమ్మలు నరికి చూసుకోవాలి. ఇంజను పూర్తి వేగం అందుకున్నాకే, బారు మొదట్లో ఉండే ఇనుప ముళ్లను కొయ్యకు ఆనించి కోత మొదలుపెట్టాలి. ముందు పిడిని ఎడమ చేతి బొటనవేలు చుట్టుకుని పట్టుకోవాలి. బొటనవేలు పిడి పైనే ఉంచి మిగతా వేళ్లతో మాత్రం పట్టుకునేవారు చాలామంది ఉన్నారు. అలాంటి పట్టు విసురు వచ్చినప్పుడు జారిపోతుంది. మెడ, తల బారుకు సూటిగా వెనుక ఉండకుండా, మనిషి కొంచెం ఎడమకు జరిగి నిలబడాలి. భుజం ఎత్తు దాటి కోయకూడదు. నిచ్చెన మీద నుంచి, చెట్టెక్కి ఒక చేత్తో కోయడం మామూలు రంపంతో చేయవలసిన పనే కాదు; ఎత్తులోని కొమ్మలకు పొడుగు కర్రకు బిగించిన రంపం వేరే ఉంటుంది.

చైన్ బ్రేకు సంగతి. ముందు పిడికి ఎదురుగా ఉన్న అడ్డుకు ఎడమ చెయ్యి తగిలినా, విసురు బలానికి అడ్డు తనంతట తాను కదిలినా, గొలుసు సెకనులో చిన్న వంతులోనే ఆగాలి. అది గాయం తీవ్రతను తగ్గించగలదు గాని, విసురునే ఆపలేదు. అదీ పొట్టు, జిగురు పట్టి బ్రేకు పట్టీ బిగుసుకుపోకుండా ఉంటేనే. రోజూ పని మొదలుపెట్టేముందు ఇంజనుకు వేగమిచ్చి, ఎడమ మణికట్టుతో అడ్డును ముందుకు నెట్టి చూడండి. గొలుసు వెంటనే ఆగకపోతే ఆ రోజు రంపం పనికిరాదు. యంత్రం అమ్మేటప్పుడు తాడు లాగడం చూపించి పంపేస్తున్నారు తప్ప ఈ పరీక్ష చూపించేవారు అరుదు. కొనేటప్పుడు మీరే అడిగి చేయించుకోండి.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకురాలు): గొలుసుకు పోసే ఆయిల్ బదులు మోటారు సైకిలు నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోయవచ్చా?

సమాధానం: పోయకూడదు. అందులో ఇనుప రజను, మసి ఉంటాయి. అవి ఆయిల్ పంపును, బారు గాడిని అరగదీస్తాయి. అది గొలుసు మీద నిలవకుండా చిమ్ముతుంది, చిమ్మింది చర్మానికి హానికరం. గొలుసు ఆయిల్‌కు జిగట ఉండబట్టే ఆ వేగంలోనూ అంటిపెట్టుకుని ఉంటుంది. ట్యాంకు పెట్రోలు అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. ఆయిల్ మిగిలిపోతుంటే బారుకున్న చిన్న రంధ్రం పూడుకుందని అర్థం.

ప్రశ్న (రాయగడ జిల్లా నుంచి నీలగిరి చెట్ల కోత పని చేసే ఒకరు): టన్ను లెక్కన కూలి ఇస్తారు. మధ్యాహ్నానికే గొలుసు మొద్దుబారిపోతుంది. ఆకురాయి పెట్టినా రంపం ఒక పక్కకు లాగుతూ వంకరగా కోస్తుంది. గొలుసు మార్చాలా, పదును పెట్టడంలో తప్పుందా?

సమాధానం: వచ్చిన ఉత్తరాలన్నిటిలో మాకు ముఖ్యమనిపించింది ఇది. పదునున్న గొలుసు తనంతట తానే కొయ్యలోకి దిగుతుంది, మనిషి దాన్ని నడిపిస్తే చాలు. మొద్దుబారిన గొలుసును మనిషి బలంగా నొక్కవలసి వస్తుంది. నొక్కినవాడి ఒళ్లు ముందుకు వాలుతుంది, చేతులు అలసిపోతాయి, కోత పూర్తయిన క్షణంలో రంపం తటాలున జారి కాళ్ల మీదికి వస్తుంది. లెక్కన పనిచేసేవారు ఆకురాయి పట్టే పది నిమిషాలను నష్టమనుకుంటారు గాని, ఆ పది నిమిషాలు మధ్యాహ్నం తర్వాతి టన్నుల్లో తిరిగి వచ్చేస్తాయి. గుర్తు సులభం: పదునున్నప్పుడు మందపాటి పేళ్లు పడతాయి, పోయాక పిండిలాంటి పొడి పడుతుంది. పొడి కనిపించగానే ఆపండి.

ఒక పక్కకు లాగుతోందంటే ఒక వైపు పళ్లు రెండో వైపు పళ్లకంటే పొట్టిగానో, మొద్దుగానో ఉన్నాయి. కుడిచేతి వాటం ఉన్నవారికి ఒక వైపు బలంగా, రెండో వైపు తేలికగా ఆకురాయి పడటం మామూలే. అన్నిటికన్నా పొట్టి పన్ను ఏదో చూసి, మిగతా పళ్లన్నీ దాని పొడవుకు తీసుకురావాలి. గుండ్రటి ఆకురాయి మందం గొలుసు కొలతకు సరిపోవాలి. చిన్న రంపాల్లో వచ్చే సన్నరకం 3/8 అంగుళాల గొలుసుకు 4 మిల్లీమీటర్లు, 0.325 అంగుళాల గొలుసుకు 4.8 మిల్లీమీటర్లు, పెద్ద 3/8 గొలుసుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లు వాడతారు. గొలుసు కొలత సాధారణంగా బారు మీదే ముద్రించి ఉంటుంది. చాలా గొలుసుల పళ్ల మీద ఒక గీత ఉంటుంది. ఆకురాయిని ఆ గీతకు సమాంతరంగా, సాధారణంగా 30 డిగ్రీల కోణంలో, పంటి లోపలి నుంచి బయటికి నెట్టాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే ఆకురాయే పాడవుతుంది. ఆకురాయి మందంలో ఐదో వంతు పంటి పైఅంచుకు మీదుగా కనబడాలి. ప్రతి పంటికీ అన్నే తోపులు లెక్కపెట్టి వేస్తే రెండు వైపులూ సమంగా వస్తాయి.

ఇంతవరకు చాలామంది చేస్తారు. మరిచిపోయేది పంటి ముందుండే ఆ చిన్న ముక్కను. పన్ను ఎంత లోతుగా దిగాలో నిర్ణయించేది అదే. పన్ను అరుగుతున్నకొద్దీ దాని ఎత్తు తగ్గుతుంది గాని ముందు ముక్క ఎత్తు తగ్గదు, దాంతో పదునుగా ఉన్న పన్ను కూడా కొయ్యను అందుకోలేదు. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక దీన్ని చదునైన ఆకురాయితో దించాలి. పంటి పైఅంచుకూ దీనికీ మధ్య తేడా చాలా గొలుసులకు 0.65 మిల్లీమీటర్లు. ఈ తేడాను కొలిచే అచ్చు పలక దొరుకుతుంది, అది లేకుండా దించకండి. తొందరగా కోస్తుందని ఎక్కువ దించితే పన్ను కొయ్యను లాగి పట్టుకుంటుంది, పైన గుణుపురం పాఠకుడికి చెప్పిన విసురు ఎక్కువవుతుంది.

మధ్యాహ్నానికే మొద్దుబారడానికి నేల కారణం కావచ్చు. దుంగ కోత చివర బారు కొన మట్టికి తగిలితే కొద్ది సెకన్లలోనే పదును పోతుంది. దుంగను పైనుంచి మూడొంతులు కోసి, పక్కకు దొర్లించి మిగిలింది కోయండి, లేదా కింద ఒక కట్టె పెట్టండి. మట్టిలో ఈడ్చుకొచ్చిన దుంగల బెరడులోనూ ఇసుక ఉంటుంది, దాన్ని కత్తితో చెక్కి గొలుసు ఆడించాలి.

గొలుసు బిగువు కూడా చూసుకోండి. చేతికి తోలు తొడుగు వేసుకుని, ఇంజను ఆపి లాగితే అది బారు చుట్టూ సులువుగా తిరగాలి, కాని బారు అడుగున వేలాడకూడదు. పనిలో వేడెక్కి సాగుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి బిగించాలి. సాయంత్రం పని ముగిశాక మళ్లీ వదులు చేయాలి, లేకపోతే చల్లారి కుదించుకున్న గొలుసు బేరింగులను, బారును లాగేస్తుంది. పదును పెట్టిన ప్రతిసారీ బారును తలకిందులు చేసి బిగిస్తే రెండు అంచులూ సమంగా అరుగుతాయి. ఒక అంచు ఎక్కువ అరిగినా రంపం వంకరగా కోస్తుంది. రెండు గొలుసులు అరిగాక వాటిని తిప్పే పళ్ల చక్రాన్ని కూడా మార్చండి.

ప్రశ్న (కాశీనగరం నుంచి ఒక పాఠకుడు): తిత్లీకి మా తోటలో మామిడి, పనస, జీడి చెట్లు పడిపోయాయి. కోస్తుంటే రంపం దుంగలో ఇరుక్కుపోయింది. ఒక మామిడి చెట్టు వేళ్లతో సహా పెకలి పడివుంటే, మొదలు కోయగానే వేళ్ల ముద్ద మళ్లీ గోతిలోకి లేచి కూర్చుంది. పడిపోయిన చెట్లను ఎలా కోయాలి?

సమాధానం: నిలబడిన చెట్టు కంటే పడిపోయిన చెట్టే ప్రమాదకరం. దాని బరువు ఎక్కడ ఆనిందో, ఏ వైపు వంగి బిగుసుకుందో పైకి తెలియదు. వంగిన దుంగలో ఒక అంచు నలిగివుంటుంది, మరో అంచు సాగి ఉంటుంది. నలిగిన అంచు నుంచి ఎక్కువ లోతు కోస్తే గాటు మూసుకుని బారును పట్టేస్తుంది. సాగిన అంచును ముందే కోస్తే దుంగ చిట్లి చిమ్ముతుంది. రెండు చివరలూ ఆని మధ్య భాగం గాల్లో ఉన్న దుంగలో పైఅంచు నలిగి, కిందిఅంచు సాగి ఉంటుంది. ముందు పైనుంచి మందంలో మూడో వంతు వరకు కోసి, తర్వాత కిందినుంచి పైకి ఆ గాటుకు కలిసేలా కోయాలి. ఒక చివర ఆని, రెండో చివర గాల్లో ఉంటే దీనికి సరిగ్గా తిరగేసి, ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. పక్కకు విల్లులా వంగిన చెట్టు దగ్గర వంపు లోపలివైపే నిలబడాలి, తెగినప్పుడు అది వంపు బయటివైపుకు కొడుతుంది.

కింది నుంచి కోసేటప్పుడు ఒక మెలకువ: అప్పుడు పని చేసేది బారు పైఅంచు కాబట్టి, గొలుసు రంపాన్ని మీ వైపు నెడుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, దానికి ఎదురు బలం ఇవ్వాలి. ఇరుక్కుపోయిన రంపాన్ని ఇంజను నడుస్తుండగా లాగకూడదు. ఆపి, ఒక చివర పలచగా ఉండే ప్లాస్టిక్ లేదా చెక్క ముక్కలు (వెడ్జులు) గాటులో కొట్టి, గాటు తెరుచుకున్నాక తీయాలి.

మీ మామిడి చెట్టు విషయంలో జరిగింది అరుదేమీ కాదు. మట్టితో సహా లేచిన వేళ్ల ముద్దను పడివున్న మాను బరువే పడుకోబెట్టి ఉంచుతుంది. మాను తెగగానే ముద్ద ఏ వైపుకైనా దొర్లవచ్చు. వేళ్ల వైపు మాను కొంత పొడవు వదిలి కోయాలి, ముద్దను తాళ్లతో వెనుక గట్టి చెట్టుకు కట్టాలి, గోతి చుట్టుపక్కల మనుషులను, ముఖ్యంగా పిల్లలను రానివ్వకూడదు. మరో చెట్టు కొమ్మల్లో చిక్కుకుని ఒరిగిన చెట్టు కిందికి వెళ్లకండి, దాన్ని ఆపిన చెట్టును కోయకండి. తాడో గొలుసో కట్టి దూరం నుంచి ట్రాక్టరుతో లాగించండి. కొండవాలులో ఎప్పుడూ దుంగకు ఎగువన నిలబడండి.

చెట్టు కరెంటు తీగ మీద పడితే రంపం ముట్టనే వద్దు. సరఫరా ఆగినట్టు కనబడినా ఎవరింటి జనరేటరు నుంచైనా వెనక్కి రావచ్చు. 1912 నంబరుకు ఫిర్యాదు చేసి, విద్యుత్తు సిబ్బంది వచ్చి తీగ ఆపినట్టు చెప్పాకే పని మొదలుపెట్టండి.

ప్రశ్న (ఛత్రపురం దగ్గరి గ్రామం నుంచి ఒక గృహిణి): మా ఆయన సరుగుడు తోటల్లో రంపం పని చేస్తారు. లుంగీ, హవాయి చెప్పులతోనే వెళతారు. ఈ మధ్య చలికాలం ఉదయాన వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారుతున్నాయంటున్నారు. మేము కొనగలిగినంతలో ఏం చేయాలి?

సమాధానం: వేళ్లు తెల్లబడటాన్ని తేలికగా తీసుకోకండి. ఏళ్ల తరబడి యంత్రపు అదురుకు వేళ్లలోని రక్తనాళాలు, నరాలు దెబ్బతింటే ఇలా అవుతుంది, ముదిరితే పూర్తిగా నయం కాదు. బీడీ మానడం, చేతులు వెచ్చగా ఉంచుకోవడం, కొంతసేపటికొకసారి రంపాన్ని దించి వేరే పని చేయడం మేలు చేస్తాయి. రంపంలోని అదురును తగ్గించే రబ్బరు ముక్కలు చిరిగాయేమో చూపించండి. మొద్దు గొలుసు కూడా అదురును పెంచుతుంది. వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు మీ ఆయన చేసే పని ఏమిటో తప్పక చెప్పండి.

కొనడంలో వరస ఇది. ముందు లుంగీ, తువ్వాలు మానిపించి, ఒంటికి అతుక్కునే ప్యాంటు, గట్టి బూట్లు. తర్వాత కళ్లద్దాలు, చెవులకు మూత. రంపం మోత వంద డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. ఆ తర్వాత శిరస్త్రాణం. డబ్బు సమకూరితే కాళ్లకు కట్టుకునే ప్రత్యేక తొడుగు కొనండి. దానిలోని పొడవాటి పోగులు గొలుసుకు తగలగానే బయటికి వచ్చి పళ్ల చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. మామూలు జీన్సుకు ఆ శక్తి లేదు. ఒంటరిగా పనికి వెళ్లనివ్వకండి. సంచిలో శుభ్రమైన మందపాటి గుడ్డ ఒకటి పెట్టండి. తెగితే దాన్ని గాయం మీద గట్టిగా అదిమిపట్టి, వదలకుండా, 108కి ఫోను చేయాలని తోడు వెళ్లేవారికి చెప్పి ఉంచండి.

ప్రశ్న (జయపురం నుంచి ఒక పాఠకుడు): వాడిన రంపం తక్కువ ధరకు వస్తోంది. ఏం చూసి కొనాలి?

సమాధానం: ఇంజను మోత కంటే ముందు భద్రతకు సంబంధించిన భాగాలు చూడండి. చైన్ బ్రేకు పనిచేయాలి. వెనుక పిడి మీది మీటను నొక్కకుండా ఎక్సలేటరు కదలకూడదు. గొలుసు తెగితే పట్టుకునే చిన్న కొక్కెం బారు మొదట్లో ఉండాలి. పాత రంపాల్లో అది విరిగిపోయి ఉండటం పరిపాటి. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గొలుసు కదలకూడదు. కదిలితే వేగం సర్దే మరను కొద్దిగా తిప్పించి చూడండి, అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగు పోయిందేమో చూపించాలి. సైలెన్సరు విప్పించి, రంధ్రంలోంచి పిస్టన్ పక్కభాగాన్ని టార్చి వేసి చూడండి. నునుపుగా ఉంటే మంచిది. నిలువు గీతలు కనబడితే ఒకసారి ఆయిల్ లేకుండా నడిచిన యంత్రమని తెలుసుకుని, ఎంత తక్కువ ధర చెప్పినా వదిలేయండి.